ఓచానోమిజులో దొరికిన మస్టాంగ్ బేస్, దానికి కుదిరిన తీగలు

షార్ట్ స్కేల్ బేస్, అంటే తీగ పొడవు తక్కువుండే బేస్ గిటార్, కొందామనుకునే వాళ్ళకి ముందే చెప్పేస్తా, గిటార్ వెతకడానికి ఎంత టైం పెడతారో దానికి ఎక్కించే తీగల మీద కూడా అంతే పెట్టండి. మామూలు పొడవుండే లాంగ్ స్కేల్ మీద చేతికందిన సెట్ ఏది వేసినా ఓ మాదిరిగా పలికేస్తుంది. షార్ట్ స్కేల్ అలా ఊరుకోదు, సరిపడని సెట్ వేస్తే అన్నిటికంటే లావైన నాలుగో తీగ ముద్దముద్దగా మోగుతుంది, అప్పుడు అందరూ గిటార్‌నే అంటారు, షార్ట్ స్కేల్ అంటే ఇంతే, ఇది పిల్లలు నేర్చుకునే గిటార్ అని తేల్చేస్తారు. ఈ మాట నేను గుంటూరులో విన్నా, హైదరాబాదులో విన్నా, ఇక్కడ టోక్యోలో మనవాళ్ళ దగ్గర కూడా విన్నా. ఇప్పుడు నా దగ్గరున్న ఫెండర్ కంపెనీ ఎర్ర మస్టాంగ్ బేస్‌ని వాళ్ళందరికీ ఒక్కసారి వినిపించాలని ఉంది, సరైన తీగలతో.

తెలియని వాళ్ళ కోసం కొంచెం చెప్తా. స్కేల్ అంటే పైన నట్ (ట్యూనర్ల పక్కన తీగలు కూర్చునే గాట్ల పట్టీ) దగ్గర్నుంచి కింద బ్రిడ్జ్ శాడిల్ (బాడీ మీద తీగ ఆనే చిన్న దిమ్మ) దాకా తీగ మోగే పొడవు. 1951లో ఫెండర్ ప్రెసిషన్ బేస్ 34 అంగుళాలతో వచ్చింది, అప్పట్నుంచి మామూలు బేస్ అంటే అదే కొలత. షార్ట్ స్కేల్ అంటే 30 అంగుళాలు, కాస్త అటూ ఇటూ. గిబ్సన్ పాత ఈబీ బేసులు 30న్నర, ఐబనెజ్ మైక్రో ఇంకా చిన్నది, 28.6. నాలుగంగుళాలే కదా తేడా అనిపిస్తుంది గానీ ఎడమ చేతిని అడిగితే చెప్తుంది. మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) నుంచి నాలుగో ఫ్రెట్ దాకా లాంగ్ స్కేల్‌లో 5.1 అంగుళాలు, షార్ట్ స్కేల్‌లో 4.5. నావి చిన్న వేళ్ళు, లాంగ్ స్కేల్ మీద కింది ఫ్రెట్లలో నాలుగు వేళ్ళు నాలుగు ఫ్రెట్ల మీద పెట్టాలంటే మణికట్టు వంచాల్సిందే, చర్చిలో ఆరాధన పాటలు ఒకదాని వెంట ఒకటి ఆపకుండా వెళ్తాయి, మధ్యలో చెయ్యి దులుపుకోవడానికి కూడా సందు ఉండదు, అయిపోయేసరికి బొటనవేలి కింద సలుపు మొదలయ్యేది. షార్ట్ స్కేల్ కోసం అన్నేళ్ళు వెతకడానికి మొదటి కారణం అది. రెండోది శబ్దం, దాని గురించి కింద చెప్తా.

ఎందుకు మస్టాంగే కావాలనుకున్నా అంటే, మిగతావి వాయించి చూశాక అది మిగిలింది. హోఫ్నర్ వయొలిన్ బేస్ ఎవరికి ఇష్టం ఉండదు చెప్పండి, పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న రకం, ఆయన ఆ మొదటి గిటార్ 1972లో దొంగలెత్తుకెళ్తే మళ్ళీ దొరికిందని 2024లో బయటకొచ్చింది, ఆ వార్త చదివిన రోజు నిజంగా నాకే ఏదో దొరికినంత సంతోషం వేసింది. కానీ అది లోపల బోలు, మా చోట డ్రమ్స్ పక్కనే నిలబడి యాంప్‌కి రెండడుగుల దూరంలో వాయించాలి, వాల్యూమ్ పెంచితే ఊళ పెడుతుంది. ఇంట్లో, చిన్న గదిలో వాయించుకునే వాళ్ళకైతే దానికి మించింది లేదు. గిబ్సన్ ఈబీ రకం గిటార్లు చూడ్డానికి బాగుంటాయి, క్రీమ్ బ్యాండ్ జాక్ బ్రూస్ చేతిలో ఎలా మోగాయో తెలుసు, కానీ ఆ పెద్ద పికప్ (తీగ కదలికని పట్టే అయస్కాంతపు భాగం) నెక్ పక్కనే ఉండటం వల్ల లోతు బాగా వస్తుంది, నోటు అంచు మాత్రం కనపడదు, పైగా చెయ్యి తీస్తే నెక్ నేల వైపు వాలిపోతుంది. మైక్రో చాలా తేలిక, ధర కూడా అందుబాటులో ఉంటుంది, పన్నెండేళ్ళ పిల్లకి కొనాలంటే కళ్ళు మూసుకుని అదే చెప్తా, నాకు మాత్రం ఫ్రెట్లు మరీ దగ్గరైపోయాయి.

మస్టాంగ్ సంగతి వేరు. ఫెండర్ వాళ్ళు 1964లో మస్టాంగ్ గిటార్ తెచ్చి దాని వెనకాలే 1966లో ఈ బేస్ తెచ్చారు, నేర్చుకునే పిల్లల కోసమనే తెచ్చినా పెద్ద పెద్ద బ్యాండ్ల వాళ్ళు పట్టుకున్నారు, టాకింగ్ హెడ్స్ బ్యాండ్ టీనా వేమౌత్ స్టేజీ మీద దీన్నే వాయించింది. 80ల మొదట్లో తయారీ ఆపేశారు, మళ్ళీ 2002లో జపాన్‌లో మొదలుపెట్టారు. నాకు కావాల్సింది ఆ జపాన్ తయారీ. ఇండియాలో ఉన్నప్పుడు అమ్మకానికి ఒక్కటి కూడా కంటపడలేదు, ఫ్రెండ్ ఎవరైనా అమెరికా నుంచి వస్తుంటే అడిగేవాణ్ణి, అంత పొడుగు పెట్టె విమానంలో ఎవరు తెస్తారు. ఉద్యోగం టోక్యోకి మారినప్పుడు మా ఆవిడ ఇల్లు, స్కూలు వెతుకుతుంటే నేను ఓచానోమిజు ఎక్కడుందో మ్యాప్‌లో చూసుకున్నా.

ఓచానోమిజు గురించి చెప్పాలి. టోక్యో నడిమధ్యలో స్టేషన్, బయటికొచ్చి మెయిజీ యూనివర్సిటీ వైపు దిగే మెయిదాయ్ దోరి అనే వీధి పట్టుకుంటే రెండు పక్కలా గిటార్ షాపులే, ఇషిబాషి, షిమోకురా, కురోసావా లాంటి పేరున్నవి, వాటి మధ్యలో పాతవే అమ్మే చిన్న చిన్న కొట్లు, ఇంకా కిందికి దిగితే జింబోచో, అదంతా పాత పుస్తకాల షాపులు. గిటార్లూ పాత పుస్తకాలూ పక్కపక్క వీధుల్లో ఉన్న ఊరు నాకింకోటి తెలియదు. మేముండేది నిషికసాయ్‌లో, మన ఇండియన్లు బాగా ఉండే ఏరియా, తొజాయ్ లైన్ ఎక్కి ఓతేమాచిలో మారితే నేరుగా అక్కడే దిగొచ్చు, అందుకని శనివారం వస్తే కాళ్ళు అటే లాగేవి.

ఇక్కడి సెకండ్‌హ్యాండ్ షాపుల పద్ధతి నాకు బాగా నచ్చింది. ప్రతి గిటార్‌కీ ఒక చీటీ కట్టి ఉంటుంది, ఏ ఏడాది మాల్, ఎక్కడ గీత పడింది, ఏ పార్ట్ మార్చారు అన్నీ రాసేస్తారు, చాలా చోట్ల బరువు కూడా కేజీల్లో రాస్తారు. పన్ను కలిపిన ధరే ఉంటుంది, బేరం ఆడటం అంటూ ఉండదు. మనమే గోడ మీద నుంచి తీసుకుని వాయించేయకూడదు, అడగాలి, అడిగితే షాపతను తీసి, తుడిచి, శృతి చేసి, యాంప్‌కి కలిపి, స్టూల్ వేసి, అప్పుడు చేతికిస్తాడు. నాకు జపనీస్ అంతంత మాత్రం. అయినా "షార్ట్ స్కేల్, మస్టాంగ్" అంటే చాలు, లోపలికెళ్ళి ఏవున్నాయో అన్నీ తెచ్చేవాళ్ళు. కొనకపోయినా ముఖం మాడ్చుకోరు. ఒక చిన్న కొట్టులో అయితే నేను వెతుకుతున్న రంగు ఏదో రాసిపెట్టుకుని, ఆ తర్వాత వెళ్ళినప్పుడు నేను నోరు తెరవకముందే పైన మేడ మీదికి తీసుకెళ్ళాడు. అక్కడే ఉంది ఇది, ఎర్రది, తెల్ల పిక్‌గార్డ్, నెక్ మీద క్రాఫ్టెడ్ ఇన్ జపాన్ అని ఉంది.

ధర ఎనభై అయిదు వేల యెన్లు, మన డబ్బుల్లో యాభై వేలకి కొంచెం అటూ ఇటూ. కొత్త ఇండోనేషియా స్క్వైర్ (ఫెండర్ వాళ్ళదే తక్కువ ధర బ్రాండ్) మస్టాంగ్ దీనికంటే తక్కువకే వస్తుంది, అది కూడా వాయించి చూశా, మంచి గిటారే, బడ్జెట్ తక్కువుంటే అది కొనుక్కుని మిగిలిన డబ్బుతో మంచి తీగలు, ఒక సెటప్ చేయించుకోండి, నష్టపోరు. నేను దీనికి ఎక్కువ పెట్టడానికి కారణం నెక్. ఇన్నేళ్ళు ఎవరి చేతిలోనో ఆడి ఆడి వెనక పక్కన నున్నగా తయారైంది, ఫ్రెట్ల అంచులు ఒక్కటి కూడా చేతికి గుచ్చుకోవు, 19 ఫ్రెట్లలో ఎక్కడ నొక్కినా బజ్ లేకుండా పలుకుతోంది. కొనేముందు చూడాల్సినవి చూశా, నెక్ పక్కనుంచి కన్ను పెట్టి ఎంత వంపుందో, ట్యూనర్లు తిప్పితే వదులుగా ఆడుతున్నాయా, పాట్స్ (వాల్యూమ్, టోన్ నాబులు) తిప్పితే గరగర వస్తుందా, నాలుగు తీగలూ పన్నెండో ఫ్రెట్ దగ్గర శృతి నిలుస్తుందా. టోన్ పాట్ కొంచెం గరగరలాడింది, అతనే స్ప్రే కొట్టి సరిచేశాడు. బాడీ కింద అంచున చెక్క కనపడేంత దెబ్బ ఒకటుంది, చీటీలో అది కూడా రాసి ఉంది. నాకు దాంతో ఇబ్బందేం లేదు.

గిటార్ విషయానికొస్తే, చాలా సింపుల్. ఒక పికప్, రెండు ముక్కలుగా విడగొట్టి ఒకటి కాస్త పైన ఒకటి కాస్త కింద పెట్టినది, ప్రెసిషన్‌లో లాగే హమ్ రాదు. ఒక వాల్యూమ్, ఒక టోన్, మెరిసే రేకు మీద. మీటలు, స్విచ్‌లు, బ్యాటరీ ఏమీ లేవు. స్ట్రాప్ వేసి చేతులు వదిలేస్తే ఎక్కడుందో అక్కడే నిలబడుతుంది, నెక్ వాలదు, ఇది షార్ట్ స్కేల్స్‌లో తేలిగ్గా దొరికే గుణం కాదు. ట్రైన్‌లో బ్యాగ్ వీపుకి తగిలించుకుంటే నెత్తి మీద నుంచి పైకి ఎక్కువ పొడుచుకురాదు, తలుపు దగ్గర వంగక్కర్లేదు, టోక్యో రద్దీలో అది చిన్న విషయం కాదు. చేతి నొప్పి విషయం అయితే మొదటి ఆదివారమే తెలిసిపోయింది, మొత్తం ఆరాధన అయ్యాక మామూలుగా గిటార్ సర్దుకుని భోజనాలకి వెళ్ళా.

కాకపోతే షాపులో దీని మీద ఉన్న తీగలు రౌండ్ వూండ్స్ అనే రకం (రకాల సంగతి కింద చెప్తా), పాతవి, సన్నవి, తుప్పు పట్టడానికి సిద్ధంగా ఉన్నాయి. పై రెండు తీగలు బానే ఉన్నాయి, మూడోది పర్లేదు, నాలుగోది మాత్రం గట్టిగా మీటితే ఊగి ఫ్రెట్లకి కొట్టుకుని శృతి ముందు పైకి పోయి తర్వాత కిందికి దిగుతోంది. ఇంతకు ముందు చెప్పిన "పిల్లల గిటార్" మాట పుట్టింది సరిగ్గా ఇక్కడే. ఇది గిటార్ లోపం కాదు, లెక్క. తీగ బిగువు దాని పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. అదే తీగని అదే శృతికి 34 బదులు 30 అంగుళాల మీద బిగిస్తే బిగువు 22 శాతం దాకా తగ్గిపోతుంది. నాలుగో తీగ శృతి 41 హెర్ట్జ్, అసలే కింద, ఆపైన అంత బిగువు పోతే వదులవక ఏమవుతుంది. దీన్ని మందంతో పూడ్చుకోవాలంటే లాంగ్ స్కేల్‌లో 100 గేజ్ (తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఇచ్చే బిగువు కోసం ఇక్కడ 113 దాకా వెళ్ళాలి. అంత మందం వేయొచ్చా అంటే వేయొచ్చు గానీ, పొట్టి పొడవులో లావు తీగ కర్రలా బిర్రుగా ఉండి సరిగా వంగదు, దాని పై స్వరాలు శృతి తప్పి పక్కకి జరుగుతాయి, మళ్ళీ ముద్దే. అందుకని గేజ్ కొంచెం పెంచాలి, మరీ ఎక్కువ కాదు, ఇంకా మిగిలిన పని తీగ రకం చేయాలి.

గేజ్ కంటే ముందు పొడవు. ఇది చాలామంది చూసుకోరు, ప్లీజ్ చూసుకోండి. మాకు గుంటూరు చర్చిలో బేస్ నేర్పిన అన్నయ్యకి వీడియో కాల్‌లో గిటార్ చూపిస్తే మెచ్చుకున్నాక అన్న మొదటి మాట, "ఏరా, వెనక్కి తిప్పు ఓసారి, తీగలు బాడీలోంచి వస్తున్నాయా బ్రిడ్జ్‌లోంచి వస్తున్నాయా?" నాది బాడీ లోంచే, అసలు 1966 డిజైనే అంత, తీగ చివరుండే గుండు వెనక వైపు కన్నంలో కూర్చుని చెక్కని దాటి పైకొచ్చి అప్పుడు శాడిల్ ఎక్కుతుంది. "అయితే స్కేల్ 30 అని పెట్టె మీద చూసి కొనకు, టేపు పెట్టి గుండు దగ్గర్నుంచి నట్ దాకా కొలువు, ఆ లెక్కకి కొను" అన్నాడు. కొలిస్తే 33 అంగుళాలకి కాస్త తక్కువ వచ్చింది. తీగలో చుట్టు ఉన్న లావు భాగం నట్ దాటి కొంచెం పైకి రావాలి, సన్నబడే భాగం నట్‌కీ ట్యూనర్‌కీ మధ్యలో మొదలవ్వాలి. డి'అడారియో అనే తీగల కంపెనీ షార్ట్ సెట్లలో ఆ లావు భాగం దాదాపు 32 అంగుళాలు, మీడియం సెట్లలో దాదాపు 34, అంటే బ్రిడ్జ్‌లోంచి తీగ వచ్చే షార్ట్ స్కేల్‌కి వాళ్ళ షార్ట్ సెట్ సరిపోతుంది, నా మస్టాంగ్‌కి మాత్రం మీడియం సెట్ కావాలి. పొట్టిదైతే సన్నటి భాగం, దారం చుట్టింది కూడా నట్ మీదికి, ఒక్కోసారి ఫ్రెట్ల మీదికి వచ్చేస్తుంది, నోటు చచ్చిపోతుంది. పొడుగుదైతే లావు భాగమే ట్యూనర్ స్తంభానికి చుట్టాలి, రౌండ్ వూండ్ ఎలాగో తట్టుకుంటుంది గానీ ఫ్లాట్ వూండ్ (చదును రేకు చుట్టి నున్నగా ఉండేది) అయితే పైన చుట్టిన రేకు విచ్చుకుంటుంది, తెగొచ్చు కూడా. లాంగ్ స్కేల్ ఫ్లాట్స్ కొని కత్తిరించి వేసుకోవచ్చులే అని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు, వినొద్దు.

ఇప్పుడు రకాలు. రౌండ్ వూండ్ అంటే గుండ్రటి తీగ చుట్టింది, గరుగ్గా ఉంటుంది, మెరుపు ఎక్కువ. రోటోసౌండ్ వాళ్ళు 1966లో ది హూ బ్యాండ్ బేసిస్ట్ జాన్ ఎంట్‌విసిల్‌తో కూర్చుని స్వింగ్ బేస్ స్ట్రింగ్స్ చేశాక బేస్ శబ్దమే మారిపోయింది, రాక్ వాయించాలంటే అవే. నా మస్టాంగ్ మీద మొదట డి'అడారియో నికెల్ రౌండ్స్ మీడియం పొడవువి వేశా, కొత్తగా ఉన్నన్ని రోజులు చాలా బావుంది, పిక్‌తో వాయిస్తే గుచ్చినట్టు స్పష్టంగా ఉంది, నాలుగో తీగ కూడా పాతవాటి మీద ఎంతో నయం. రాక్, పాప్ బ్యాండ్ అయితే అక్కడే ఆగిపోవచ్చు, నేను సిఫార్సు చేస్తా. నాకు కావాల్సింది వేరే. నా చెవిలో ఉన్న బేస్ అంటే ఎనభైల్లో మద్రాసులో రికార్డయిన మన పాటల్లో బేస్, గుండ్రంగా, పాట కింద పరుపులా పరుచుకుని ఉంటుంది, గాయకుడి గొంతుకి అడ్డం రాదు, కానీ తీసేస్తే పాట నిలబడదు. వేలు జారేటప్పుడు వచ్చే చీ చీ శబ్దం అందులో ఉండదు. రౌండ్స్‌తో ఆ చీ చీ తప్పదు, అందునా మా పాటల్లో నోటు నుంచి నోటుకి జారటాలు ఎక్కువ.

నల్ల నైలాన్ టేప్ చుట్టినవి నిషికసాయ్‌లోనే ఉండే ఒక తమిళ ఫ్రెండ్ బేస్ మీద వాయించా. మెత్తగా, కొంచెం డబుల్ బేస్ ఛాయ వస్తుంది, వేళ్ళకి హాయి. అవి చూడ్డానికి లావుగా ఉంటాయి, నా నట్ గాట్లలో కూర్చోవు, నట్ అరగదీయాలి, అది నాకు ఇష్టం లేదు, ఒకసారి అరగదీస్తే మళ్ళీ వెనక్కి రాదు. థోమాస్టిక్ ఇన్‌ఫెల్డ్ జాజ్ ఫ్లాట్స్, వియన్నా వాళ్ళవి, అతని ఇంకో గిటార్ మీద ఉన్నాయి, లాంగ్ స్కేల్ మీద. అంత అందమైన ఫ్లాట్స్ నేను వాయించలేదు, ప్రతి నోటూ పాడుతుంది, ధర కూడా అలాగే ఉంటుంది. కానీ వాటి బిగువే తక్కువ, అదే వాటి గొప్పతనం, 34 మీదే మెత్తగా ఉన్న తీగ 30 మీద ఇంకెంత మెత్తబడుతుందో లెక్క పైన చెప్పా కదా. తేలిగ్గా, గోరుతో గీరినట్టు వాయించే వాళ్ళకి అది కూడా పనికొస్తుంది, నా కుడి చెయ్యి కొంచెం బరువు. డి'అడారియో క్రోమ్స్ ఫ్లాట్స్‌లో కాస్త మెరుపున్నవి, బిగువు బాగా ఎక్కువ, రౌండ్స్ నుంచి ఫ్లాట్స్‌కి మారేవాళ్ళకి మొదట అవే అలవాటవుతాయి.

నేను నిలబడింది లా బెల్లా డీప్ టాకిన్ బేస్ ఫ్లాట్స్ దగ్గర. మోటౌన్ అనే అమెరికా రికార్డు కంపెనీ పాటల్లో చాలావాటికి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ వాడింది లా బెల్లా ఫ్లాట్సే, ఆయనవి ఇంకా లావు, తెగితే తప్ప మార్చేవాడు కాదంటారు. నాకు అసలు సంగతి ఏంటంటే ఇవి మస్టాంగ్ కోసమని విడిగా, బాడీ లోంచి వచ్చే పొడవుకి లెక్కేసి చేసిన సెట్ అమ్ముతారు. పెట్టె మీద మస్టాంగ్ అని రాసి ఉంటే ఇంక టేపుతో పనే లేదు. అదే ఓచానోమిజులో పెద్ద షాపులో అడిగితే తెప్పించి ఇచ్చారు. రౌండ్స్‌కి పెట్టినదానికి రెండింతల పైనే అయింది, కానీ ఫ్లాట్స్ ఏళ్ళ తరబడి ఉంటాయి, పాతబడే కొద్దీ బావుంటాయి, రౌండ్స్ నెలల్లో మెరుపు పోగొట్టుకుంటాయి, అలా చూస్తే ఇదే చవక.

ఎక్కించేటప్పుడు తొందర పడకండి. ఒక్కో తీగా మారుస్తూ వెళ్ళండి, నాలుగూ ఒకేసారి తీసేస్తే నెక్ మీద ఉన్న లాగుడంతా ఒక్కసారి పోతుంది. ఫ్లాట్స్‌ని మెలి పడనీయొద్దు, ట్యూనర్ దగ్గర ముందు తొంభై డిగ్రీలు వంచాకే చివర కత్తిరించాలి, వంచకముందు కత్తిరిస్తే లోపలి కోర్ మీద చుట్టు జారి తీగ చచ్చిపోయే ప్రమాదం ఉంది. స్తంభానికి పైనుంచి కిందికి రెండు మూడు చుట్లు రావాలి, అప్పుడే నట్ మీద తీగ గట్టిగా కూర్చుంటుంది. వేసిన రోజే సెటప్ చేయొద్దు, ఈ ఫ్లాట్స్ బిగువు ఎక్కువ కాబట్టి నెక్ ఒకటి రెండు రోజుల్లో కొంచెం ముందుకి వంగుతుంది, స్థిరపడ్డాక ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపు సరిచేసే కడ్డీ) సరిచేయించి, ఆ తర్వాత శాడిల్స్ ఎత్తు, చివర్లో ఇంటోనేషన్, అంటే పై ఫ్రెట్లలో కూడా శృతి నిలిచేలా శాడిల్స్ ముందుకీ వెనక్కీ జరపడం. నేను కొన్న షాపులోనే చేయించా, పన్నెండో ఫ్రెట్ దగ్గర నాలుగో తీగ కింద రెండున్నర మిల్లీమీటర్లు, మొదటి తీగ కింద రెండు మిల్లీమీటర్లు పెట్టించుకున్నా. షార్ట్ స్కేల్‌లో యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగ ఎత్తు) మరీ కిందికి దించకండి, తీగ ఊగడానికి చోటు కావాలి. పికప్ కూడా నాలుగో తీగ వైపు కాస్త దించి, మొదటి తీగ వైపు కాస్త లేపితే నాలుగూ సమంగా వినిపిస్తాయి, స్క్రూడ్రైవర్ ఉంటే రెండు నిమిషాల పని, రూపాయి ఖర్చు లేదు, షార్ట్ స్కేల్ ముద్దదనంలో కొంత భాగం దీంతోనే పోతుంది.

ఇంక శబ్దం సంగతి. నాలుగో తీగ ఇప్పుడు నిలబడి పలుకుతోంది. మీటగానే ఒక గుండ్రటి దెబ్బ, వెంటనే నోటు ఉబ్బినట్టు పైకొచ్చి నిలిచి మెల్లగా తగ్గుతుంది, లాంగ్ స్కేల్‌లో ఆ ఉబ్బు ఉండదు, అక్కడ దెబ్బ ముందు, నోటు సూటిగా వెళ్ళిపోతుంది. షార్ట్ స్కేల్ కోసం నేను వెతికిన రెండో కారణం ఈ ఉబ్బే. తబలా, ఢోలక్‌లతో కలిస్తే ఇంకా అందం, తబలాలో ఎడమ చేతి బాయా మోగే చోటులోకి దూరకుండా దాని పక్కన కూర్చుంటుంది. ఉగాది ప్రోగ్రాంకి ఇక్కడి తెలుగువాళ్ళతో పాత పాటలు కొన్ని వాయించాం, కీబోర్డ్ వాయించే వదిన ప్రాక్టీసులో రెండో పాట అయ్యాక ఆగి, "మరిదిగారూ, గిటార్ మార్చారా, ఇవాళ మీరు వాయించేది పాటలోంచే వస్తున్నట్టుంది" అంది. మా బేస్ గురించి ఎవరూ ఎప్పుడూ ఏమీ అనరు, బేస్ వాయించే వాళ్ళకి తెలుసు ఆ మాట విలువ. బ్రిడ్జ్ దగ్గర తీగల కింద చిన్న స్పాంజి ముక్క దోపితే నోటు ఇంకా పొట్టిగా, ఆ కాలం నాటి రికార్డు లాగే వస్తుంది, 1966 నాటి మస్టాంగ్‌లకి బ్రిడ్జ్ మీదే ఇలాంటి మ్యూట్ ప్యాడ్లు ఉండేవి.

లోటు లేదా అంటే ఉంది. స్లాప్, అంటే బొటనవేలితో తీగని కొట్టి, వాయించే వాళ్ళకి ఈ జోడీ వద్దు, ఫ్లాట్స్‌కి ఆ చురుకు రాదు, షార్ట్ స్కేల్‌లో తీగ బొటనవేలికి ఎదురుతన్నదు. డ్రాప్ డి (నాలుగో తీగని ఒక స్వరం దించే శృతి) కంటే కింద శృతి పెట్టే మెటల్ వాళ్ళకి అసలు వద్దు, 34 కూడా వాళ్ళకి పొట్టిదే. ఒక్క పికప్ కాబట్టి శబ్దంలో రకాలు తక్కువ, టోన్ నాబ్, కుడి చెయ్యి ఎక్కడ పెట్టామన్నదే మార్పు, నేను నెక్ దగ్గర వాయిస్తే ఒకలా, బ్రిడ్జ్ దగ్గర వాయిస్తే ఒకలా తెచ్చుకుంటున్నా. జపాన్ వానాకాలంలో, జూన్‌లో, నెక్ కొంచెం కదులుతుంది, సీజన్ మారినప్పుడు ఒకసారి చూపించుకోవాలి, మన కోస్తాలో ఉండే వాళ్ళకి కూడా ఇదే వర్తిస్తుంది.

గుంటూరు, విజయవాడ, హైదరాబాద్ వైపు నుంచి చూసేవాళ్ళకి చెప్పేది, మామూలు షాపులో "బేస్ స్ట్రింగ్స్" అంటే లాంగ్ స్కేలే చేతిలో పెడతారు, అడక్కుండా షార్ట్ ఇచ్చేవాళ్ళు తక్కువ. గుండు నుంచి నట్ దాకా కొలత చీటీ మీద రాసుకెళ్ళండి, సెట్ పెట్టె మీద షార్ట్, మీడియం, లాంగ్ ఏది రాసుందో చదివి, కంపెనీ సైట్‌లో చుట్టు పొడవు ఎంతో చూసి అప్పుడు డబ్బులు కట్టండి. స్క్వైర్, ఐబనెజ్ లాంటివి కొత్తవి కొన్నా సరే గిటార్‌తో పాటు ఒక సెట్ తీగలు కూడా అప్పుడే ఆర్డర్ పెట్టేయండి, ఫ్యాక్టరీ తీగలతో విని గిటార్ మీద తీర్పు చెప్పకండి. బడ్జెట్‌లో నికెల్ రౌండ్స్ 45 నుంచి 105 దాకా ఉన్న, మీ కొలతకి సరిపడే సెట్‌తో మొదలుపెడితే చాలు. పాత పాటలు, ఆరాధన, మెలోడీ వాయించే వాళ్ళు కొంచెం డబ్బు కూడబెట్టుకుని నేరుగా ఫ్లాట్స్‌కి వెళ్ళండి. తీసిన రౌండ్స్ పారేయకుండా చుట్టి దాచా, మా అబ్బాయి పిక్‌తో రాక్ వాయిస్తానంటున్నాడు, వాడికి స్క్వైర్ కొన్నప్పుడు ఆ రౌండ్స్ పొడవు సరిపోతుందో లేదో టేపు పెట్టి చూడాలి.